అర్హత హద్దులు: అమెరికా గ్రామీణ గృహ రుణాలు – టులేరీ కౌంటీ చారిత్రక అనుభవం (1937–2014)

వ్యాస సంగ్రహం:

అమెరికా సంయుక్త రాష్ట్రాల ప్రభుత్వం 1949 నాటి గృహనిర్మాణ చట్టం ద్వారా గ్రామీణ గృహ రుణాలను ప్రవేశపెట్టింది. మొదట భూమి ఉన్న రైతులకే పరిమితమైన ఈ పథకం క్రమంగా భూమి లేని గ్రామీణులకు, వ్యవసాయ కూలీలకు, చివరకు మధ్యస్థ ఆదాయ వర్గాలకు విస్తరించింది. ఈ విస్తరణలో ‘అర్హత’ అన్న భావన ఎలా మారింది? దానిని ఎవరు నిర్ణయించారు? ఈ ప్రశ్నలను కాలిఫోర్నియా రాష్ట్రంలోని టులేరీ కౌంటీ చరిత్ర ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. వ్యక్తి అర్హతను, స్థలం అర్హతను చట్టం వేరువేరుగా కొలవడం వల్ల, అత్యంత అవసరం ఉన్నవారు ఆ రెండు కొలతల నడుమ మిగిలిపోయే అవకాశం ఏర్పడిందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: గ్రామీణ గృహ రుణం, అర్హత, కౌంటీ కమిటీ, వ్యవసాయ కూలీలు, స్వయంసహాయ గృహనిర్మాణం, టులేరీ కౌంటీ.

1. ఉపోద్ఘాతం:

సంక్షేమ పథకాల చరిత్రను సాధారణంగా నిధుల కేటాయింపు, లబ్ధిదారుల సంఖ్య అన్న రెండు అంశాల ఆధారంగా రాస్తారు. అయితే ఒక పథకం స్వభావం దాని అర్హత నిబంధనలలోనే ఎక్కువగా వ్యక్తమవుతుంది. ఎవరిని పేదలుగా గుర్తించాలి, ఏ ఊరిని పల్లెగా పరిగణించాలి, ఆ నిర్ణయాన్ని ఎవరి చేతిలో పెట్టాలి అన్న ప్రశ్నలకు రాజ్యం ఇచ్చిన సమాధానాలు ఆ నిబంధనలలో నిక్షిప్తమై ఉంటాయి.

అమెరికాలో కౌంటీ అనేది రాష్ట్రానికి దిగువన ఉండే పాలనా విభాగం. మన జిల్లాతో దానిని స్థూలంగా పోల్చవచ్చు గాని, కౌంటీకి ఎన్నికైన పాలకమండలి ఉంటుంది. నగర హద్దులకు వెలుపల ఉన్న ఆవాసాల బాగోగులు నేరుగా ఆ మండలి బాధ్యత. గ్రామీణ గృహ రుణాల చట్టం వాషింగ్టన్‌లో రూపొందినా, దాని అమలు మొదటినుండి కౌంటీ స్థాయిలోనే జరిగింది. అందువల్ల చట్టానికీ ఆచరణకూ మధ్య ఉన్న దూరాన్ని కొలవడానికి ఒక కౌంటీని ఎంచుకోవడం సముచితం. స్వయంసహాయ పద్ధతిలో గ్రామీణ గృహనిర్మాణం జాతీయ విధానంగా మారడానికి దారితీసిన ప్రయోగాలు టులేరీలో జరిగాయి. కొన్ని కూలీల ఆవాసాలకు భవిష్యత్తు లేదని అధికారికంగా రాసిన ప్రణాళిక కూడా అక్కడిదే. ఈ రెండు కారణాల వల్ల ఆ కౌంటీ పరిశీలనార్హమైనది.

2. పూర్వరంగం: కౌలుదారు నుండి రైతుగా:

గ్రామీణ రుణ అర్హతకు తొలి నమూనా 1937 జులైలో వెలువడిన బ్యాంక్‌హెడ్–జోన్స్ కౌలుదారుల చట్టం. మహా ఆర్థికమాంద్యంలో భూములు కోల్పోయినవారికి, కౌలుదారులకు, పంటలో వాటాకు సాగు చేసేవారికి భూమి కొనుగోలు నిమిత్తం 3 శాతం వడ్డీకి, 40 సంవత్సరాల గడువుతో రుణాలివ్వడం ఈ చట్టం లక్ష్యం. దీని అమలుకు ఫార్మ్ సెక్యూరిటీ అడ్మినిస్ట్రేషన్ ఏర్పడింది.

ఈ చట్టంలో గమనించవలసిన అంశం కౌంటీ కమిటీ. ఆ కౌంటీలో నివసించే ముగ్గురు రైతులతో ఏర్పడే ఈ కమిటీ దరఖాస్తుదారుని పరిశీలించి, అతడు రుణానికి తగినవాడని ధ్రువీకరించాలి. స్థానికుల గుణగణాలు స్థానికులకే బాగా తెలుస్తాయన్నది దీని వెనుక ఉన్న తర్కం. కాని ఊరి పెద్దలుగా గుర్తింపు పొందిన భూస్వామ్య రైతులే ఊరి పేదల యోగ్యతను నిర్ణయించే స్థితి దీనివల్ల ఏర్పడింది. పొలంలో కూలి ఇచ్చేవారు, కౌలు వసూలు చేసేవారు, రుణార్హతను ధ్రువీకరించేవారు ఒకే వర్గానికి చెందినవారు కావడం ఈ వ్యవస్థలోని మౌలికమైన వైరుధ్యం. 1946లో ఫార్మ్ సెక్యూరిటీ అడ్మినిస్ట్రేషన్ స్థానంలో ఫార్మర్స్ హోమ్ అడ్మినిస్ట్రేషన్ వచ్చినా కమిటీ పద్ధతి కొనసాగింది.

3. 1949 చట్టం: భూమియే అర్హత:

అధ్యక్షుడు హ్యారీ ట్రూమన్ 1949 జులై 15న సంతకం చేసిన గృహనిర్మాణ చట్టం ప్రతి అమెరికన్ కుటుంబానికీ యోగ్యమైన ఇల్లు, అనువైన పరిసరాలు ఉండాలన్న ఆశయాన్ని ప్రకటించింది. ఆ చట్టంలోని ఐదవ భాగం గ్రామీణ గృహాలకు సంబంధించినది. అందులోని 502వ సెక్షన్ నేటికీ గ్రామీణ గృహ రుణాలకు ఆధారం.

ఆశయం అందరినీ ఉద్దేశించినా, అర్హత కొందరికే దక్కింది. రుణం పొందగోరేవారు వ్యవసాయ క్షేత్రానికి యజమానులై ఉండాలి. ఆ క్షేత్రం 1944 ధరల ప్రకారం ఏటా కనీసం 400 డాలర్ల విలువైన ఉత్పత్తి ఇవ్వగలిగి ఉండాలి. దరఖాస్తుదారునికి యోగ్యమైన ఇల్లు గాని, దానిని కట్టుకునే స్తోమత గాని ఉండకూడదు. సహేతుకమైన షరతులపై మరెక్కడా అప్పు పుట్టని పరిస్థితి ఉండాలి. రుణ గడువు 33 సంవత్సరాలు, వడ్డీ 4 శాతానికి మించరాదు. యజమాని తన కౌలుదారులకో, పాలేర్లకో ఇల్లు కట్టించడానికి కూడా రుణం తీసుకోవచ్చు. అంటే కూలీకి ఇల్లు రావచ్చు గాని, ఆ ఇంటికి యజమాని కూలీ కాడు. కౌంటీ కమిటీ ధ్రువీకరణను ఈ చట్టం కూడా నిలుపుకున్నది.

ఈ నిబంధనలలో రెండు అంశాలు పరస్పర విరుద్ధంగా కనిపిస్తాయి. ఒకవైపు అప్పు పుట్టకపోవడం అర్హత. మరొకవైపు భూమి ఉండటం అర్హత. భూమి ఉండీ అప్పు పుట్టనివాడే చట్టం ఊహించిన ఆదర్శ లబ్ధిదారుడు. భూమి లేనివాడు ఆ ఊహలో లేడు. దక్షిణాది రాష్ట్రాలలో ఈ వ్యవస్థ జాతి వివక్షకు కూడా సాధనమైంది. వ్యవసాయ పథకాల అమలుపై అమెరికా పౌరహక్కుల కమిషన్ 1965లో వెలువరించిన నివేదిక ఫార్మర్స్ హోమ్ అడ్మినిస్ట్రేషన్ సేవలలో నల్లజాతి రైతులకు జరిగిన అన్యాయాన్ని నమోదు చేసింది. స్థానిక కమిటీలలో వారి ప్రాతినిధ్యం నామమాత్రమని కూడా తేల్చింది.

4. టులేరీ కౌంటీ: పంట సమృద్ధి, నివాస దారిద్ర్యం:

కాలిఫోర్నియాలోని శాన్ వాకీన్ లోయకు దక్షిణ భాగంలో, సియెరా నెవాడా పర్వతాల పాదాల వద్ద టులేరీ కౌంటీ ఉన్నది. విసేలియా దాని ప్రధాన నగరం. నారింజ, ద్రాక్ష, పత్తి, పాడి ఈ ప్రాంతపు సంపద. 1960 జనాభా లెక్కల ప్రకారం కౌంటీ జనాభా 1,68,403.

ఈ లోయలో భూయాజమాన్యానికీ గ్రామజీవనానికీ ఉన్న సంబంధాన్ని మానవశాస్త్రవేత్త వాల్టర్ గోల్డ్‌ష్మిట్ 1940లలో అధ్యయనం చేశారు. టులేరీ కౌంటీలోని డైన్యూబా, పొరుగున ఉన్న కెర్న్ కౌంటీలోని ఆర్విన్ అనే రెండు ఊళ్లను ఆయన పోల్చారు. చిన్న కమతాలు గల డైన్యూబాలో పాఠశాలలు, సంఘాలు, వ్యాపారాలు బలంగా ఉన్నాయనీ, పెద్ద కమతాలు గల ఆర్విన్‌లో జనాభాలో అధికభాగం కూలీలేననీ, పౌరసంస్థలు బలహీనమనీ ఆయన నిర్ధారించారు. 1949 చట్టాన్ని ఈ నేపథ్యంలో చూస్తే, అది డైన్యూబా వంటి ఊరిని దృష్టిలో పెట్టుకున్న చట్టమని అవగతమవుతుంది. అయితే టులేరీ కౌంటీలోనూ పంటను కోసే చేతులలో అధికభాగం భూమి లేనివే.

ఓక్లహోమా, అర్కాన్సా, టెక్సస్ ప్రాంతాల నుండి వలస వచ్చిన తెల్లజాతి, నల్లజాతి కుటుంబాలు, మెక్సికన్ మూలాలవారు నగర హద్దులకు వెలుపల చౌకగా దొరికిన స్థలాలలో గుడిసెలు వేసుకున్నారు. నల్లజాతి కూలీలు స్థిరపడిన టెవిస్టన్ అటువంటి ఆవాసం. అక్కడ స్థలం కొనుక్కున్నవారికి నీరు లేదు. దూరం నుండి మోసుకొని తెచ్చుకోవలసి వచ్చేది. 1930ల చివర వలస కూలీల కోసం ప్రభుత్వం నెలకొల్పిన లినెల్, వుడ్‌విల్ శిబిరాలలోని రేకుల గదులు మూడు దశాబ్దాల తరువాత కూడా నివాసాలుగానే ఉన్నాయి. 1965 వేసవిలో అద్దె పెంపునకు వ్యతిరేకంగా అక్కడి కుటుంబాలు అద్దె చెల్లింపు నిలిపివేయడం కాలిఫోర్నియా వ్యవసాయ కార్మికోద్యమ చరిత్రలో పేర్కొనదగిన ఘట్టం. తాత్కాలికమని కట్టిన రేకుల గది శాశ్వత నివాసంగా మారడం రుణ అర్హతలోని లోపానికి ప్రత్యక్ష నిదర్శనం.

5. 1961 సవరణ – గోషెన్ ప్రయోగం:

1961 నాటి గృహనిర్మాణ చట్టం 502వ సెక్షన్‌ను మౌలికంగా మార్చింది. వ్యవసాయ క్షేత్రం లేకపోయినా గ్రామీణ ప్రాంతంలో ఇంటిస్థలం ఉన్నవారు రుణానికి అర్హులయ్యారు. అర్హతకు ఆధారం సాగుభూమి నుండి నివాసస్థలానికి మారిన సందర్భమిది.

నిబంధన మారినంత మాత్రాన కూలీకి రుణం దొరకలేదు. నెలనెలా నిలకడైన ఆదాయం లేనివాడు, డౌన్‌పేమెంట్ కట్టలేనివాడు, తనఖా పెట్టడానికి ఏమీ లేనివాడు రుణాధికారి దృష్టిలో నమ్మదగినవాడు కాదు. ఈ అడ్డంకిని దాటే మార్గం క్వేకర్ సంప్రదాయానికి చెందిన అమెరికన్ ఫ్రెండ్స్ సర్వీస్ కమిటీ నుండి వచ్చింది. ఈ సంస్థ 1937లో పెన్సిల్వేనియాలోని పెన్‌క్రాఫ్ట్‌లో పనులు కోల్పోయిన బొగ్గుగని కార్మికులతో వారి ఇళ్లను వారిచేతనే కట్టించింది. 1950ల మధ్యలో టులేరీ కౌంటీలో వ్యవసాయ కూలీల కార్యక్రమాన్ని ప్రారంభించింది. దానిని నడిపిన బార్డ్ మెక్‌అలిస్టర్ టెవిస్టన్ నీటి పథకంలోనూ అక్కడివారికి తోడ్పడ్డారు.

1963లో విసేలియా సమీపంలోని గోషెన్‌లో మూడు కుటుంబాలు ఒకరి ఇంటికి మరొకరు శ్రమ చేస్తూ ఇళ్లు పూర్తిచేసుకున్నాయి. సామగ్రికి, స్థలానికి అయ్యే ఖర్చును 502వ సెక్షన్ రుణం భరించింది. ఈ పద్ధతిలో కుటుంబం చేసిన శ్రమ ఇంటి విలువలో భాగమవుతుంది. ఇంటి విలువకంటే అప్పు తక్కువగా ఉంటుంది కనుక, ఆ వ్యత్యాసమే డౌన్‌పేమెంట్ స్థానంలో నిలుస్తుంది. కూలీ శ్రమ అంతవరకు ఇతరుల పొలానికి విలువ చేర్చింది. ఇక్కడ మొదటిసారిగా అది తన పేరిట రుణార్హతగా మారింది.

1965లో విసేలియా కేంద్రంగా సెల్ఫ్–హెల్ప్ ఎంటర్‌ప్రైజెస్ అనే సంస్థ ఏర్పడి, పేదరిక నిర్మూలన కార్యక్రమ నిధులతో ఈ పనిని విస్తరించింది. 1968 చట్టం 523వ సెక్షన్ ద్వారా ఇటువంటి సంస్థలకు సాంకేతిక సహాయ నిధులను కల్పించింది. ప్రస్తుత నిబంధనల ప్రకారం నిర్మాణ శ్రమలో కనీసం 65 శాతాన్ని కుటుంబాలే చేయాలి. ఈ మార్గంలో దేశవ్యాప్తంగా 50 వేలకు పైగా, ఒక్క ఈ సంస్థ ఆధ్వర్యంలో లోయలో 6 వేలకు పైగా ఇళ్లు నిర్మితమయ్యాయి. అయితే దీనికి మరొక పార్శ్వం ఉన్నది. పగలంతా పొలంలో పనిచేసినవారు సాయంత్రాలు, వారాంతాలు నెలల తరబడి ఇంటిపనికి వెచ్చించవలసి వచ్చింది. ఉన్నవానికి ఆస్తి ఇచ్చే అర్హతను లేనివాడు చెమటతో సంపాదించుకోవలసి రావడం ఈ విజయంలోనే ఇమిడి ఉన్న అసమానత.

6. ‘గ్రామీణం’ అంటే ఏమిటి?

భూమి షరతు తొలగిన తరువాత స్థలం అర్హతకు ప్రాధాన్యం పెరిగింది. మొదట 2,500 జనాభా వరకు ఉన్న ఊళ్లనే గ్రామీణంగా పరిగణించారు. 1965లో ఆ పరిమితి 5,500కు, 1970లో 10,000కు పెరిగింది. 1974లో మహానగర ప్రాంతాలకు వెలుపల ఉండి, గృహ రుణాల కొరత తీవ్రంగా ఉన్న చోట్ల 20,000 వరకు అనుమతించారు. జనాభా పెరిగి పరిమితి దాటిన పాత అర్హ ప్రాంతాలను కొనసాగించడానికి తరువాత 25,000 వరకు, 2014 వ్యవసాయ చట్టంలో 35,000 వరకు మినహాయింపు ఇచ్చారు.

ఈ అంకెలలో ఏదీ పంటలతో గాని, వృత్తులతో గాని ముడిపడినది కాదు. ‘గ్రామీణం’ అనేది జనాభా లెక్కలతో, ప్రతి సవరణలో శాసనసభ్యుల బేరసారాలతో రూపొందిన పాలనాపరమైన నిర్మాణం. 2020 లెక్కల ప్రకారం విసేలియా జనాభా 1,41,384, టులేరీ నగరం 68,875, పోర్టర్‌విల్ 62,623. ఈ మూడూ పరిమితికి వెలుపలివే. తోటలలో పనిచేస్తూ విసేలియాలో అద్దెకుండే కూలీ తానుంటున్న నగరంలో ఈ రుణంతో ఇల్లు కొనలేడు. నగరంలో ఉద్యోగం చేస్తూ అర్హత గల పల్లెలో ఇల్లు కొనుక్కునే వ్యక్తికి ఆదాయ పరిమితిలోపు ఉంటే అడ్డంకి లేదు. చట్టం వృత్తిని కొలవదు. చిరునామాను మాత్రమే కొలుస్తుంది.

అంతేకాక, పట్టణ ప్రాంతంలో భాగం కాకుండా, దానితో సంబంధం లేకుండా ఉండటం గ్రామీణ నిర్వచనంలో ఒక షరతు. నగరాలను ఆనుకొని ఉన్న కూలీల ఆవాసాల విషయంలో ఈ షరతు క్లిష్టమైనది. పటం మీద అవి నగరానికి చెంతన ఉంటాయి. నగర సేవలు మాత్రం వాటికి అందవు. టులేరీ నగరాన్ని ఆనుకొనే ఉన్న మథేనీ ట్రాక్ట్‌కు నగర నీటి సరఫరా 2016లో గాని అందలేదు.

7. 1971 ప్రణాళిక: స్థలానికి విధించిన అనర్హత:

రుణంతో కట్టే ఇంటికి సురక్షితమైన నీరు, మురుగునీటి పారవేతకు తగిన ఏర్పాటు ఉండాలన్నది గ్రామీణ గృహ రుణాల షరతు. ఇది న్యాయమైన షరతే. కాని నీటినీ మురుగు కాలువనూ కుటుంబం ఒంటరిగా సమకూర్చుకోలేదు. అది సమష్టి పాలనా వ్యవస్థ పని.

1971లో టులేరీ కౌంటీ ఆమోదించిన సమగ్ర ప్రణాళిక పదికి పైగా చిన్న ఆవాసాలను నిలదొక్కుకోలేనివిగా వర్గీకరించింది. వాటికి నిజమైన భవిష్యత్తు లేదని, నీరు, మురుగునీటి పారుదల వంటి ప్రధాన సదుపాయాలను కల్పించకుండా ఉంటే అక్కడివారు మెరుగైన అవకాశాల కోసం తరలిపోతారని, ఆవాసాలు సహజంగా క్షీణిస్తాయని ఆ ప్రణాళిక సారాంశం. అవి ప్రధానంగా నల్లజాతి, మెక్సికన్ మూలాల కూలీలు నివసించే ఆవాసాలు.

ఫెడరల్ చట్టం, కౌంటీ ప్రణాళిక అనే ఈ రెండు పత్రాలను పక్కపక్కన ఉంచి చదివితే ఒక విషయం స్పష్టమవుతుంది. ఫెడరల్ చట్టం 1961 నుండి కూలీని అర్హునిగా గుర్తించసాగింది. అదే దశాబ్ది ముగిసేసరికి కౌంటీ అతని ఊరిని సదుపాయాలకు అనర్హమని నిర్ణయించింది. నీరు లేని స్థలంపై రుణానికి అవకాశం లేదు కనుక, మనిషికి దక్కిన అర్హత అతని సొంత ఊరిలో నిరర్థకమవుతుంది. ఇల్లు కావాలంటే ఊరు విడవాలి. ఊరు కావాలంటే ఇల్లు వదులుకోవాలి. దీనిలో ‘సహజ క్షీణత’ ఏదీ లేదు. అది రాతపూర్వకంగా తీసుకున్న నిర్ణయపు ఫలితం. అయినా ఈ ఆవాసాలలో పలువురు ఊరు విడవలేదు. 2021 జూన్‌లో టెవిస్టన్ బావి మోటారు చెడిపోయి కుళాయిలు ఎండిపోయినప్పుడు, 1950లలో నీరు మోసుకొని తెచ్చుకున్న తరం వారసులు సీసాల నీటిపై ఆధారపడవలసి వచ్చింది.

8. వడ్డీ రాయితీ నుండి రుణ హామీకి:

1968 చట్టం 521వ సెక్షన్ ద్వారా తక్కువ ఆదాయం గల కుటుంబాలకు వడ్డీని 1 శాతం వరకు తగ్గించే ఏర్పాటు చేసింది. అర్హత చరిత్రలో ఇది మూడవ మలుపు. భూమి, స్థలం తరువాత ఆదాయం ప్రధాన కొలమానమైంది. 1973 జనవరిలో నిక్సన్ ప్రభుత్వం రాయితీ గృహ పథకాలను నిలిపివేసినప్పుడు వడ్డీ రాయితీ కూడా ఆగిపోయింది. అదే ఏడాది ఫెడరల్ న్యాయస్థానం జోక్యంతో దాని పునరుద్ధరణకు మార్గం ఏర్పడింది. పాలకుల ఇష్టంపై ఆధారపడిన మేలు కాదు, చట్టం కల్పించిన అవకాశం అన్న దృష్టి ఈ వివాదంలో బలపడింది.

నాల్గవ మలుపు 1990 నాటి క్రాన్‌స్టన్–గొంజాలెజ్ చట్టం. ప్రభుత్వమే అప్పిచ్చే ప్రత్యక్ష రుణాలతోపాటు, బ్యాంకు ఇచ్చే అప్పుకు ప్రభుత్వం హామీ ఇచ్చే పద్ధతిని అది స్థిరపరచింది. 1994లో ఫార్మర్స్ హోమ్ అడ్మినిస్ట్రేషన్ రద్దయి, గృహ రుణాల బాధ్యత వ్యవసాయ శాఖలో కొత్తగా ఏర్పడిన గ్రామీణ గృహ విభాగానికి మారింది.

నేటి నిబంధనలలో కౌంటీ కమిటీ స్థానాన్ని కౌంటీవారీ ఆదాయ పట్టికలు ఆక్రమించాయి. ప్రాంతపు మధ్యస్థ ఆదాయంలో 80 శాతం లోపు ఉన్నవారు ప్రత్యక్ష రుణానికి, 115 శాతం లోపు ఉన్నవారు హామీ రుణానికి దరఖాస్తు చేయవచ్చు. ప్రత్యక్ష రుణ నిధులలో కనీసం 40 శాతాన్ని 50 శాతం లోపు ఆదాయం గల కుటుంబాలకు కేటాయించాలి. రెండింటిలోనూ డౌన్‌పేమెంట్ అవసరం లేదు. అమెరికా పౌరులు, చట్టం పేర్కొన్న వర్గాలకు చెందిన వలసదారులు మాత్రమే అర్హులు. పంట కోతలో గణనీయమైన భాగం సరైన పత్రాలు లేని వలస కూలీలపై ఆధారపడిన కౌంటీలో ఈ చివరి షరతు ప్రభావాన్ని వేరుగా చెప్పనక్కరలేదు.

2014 ఆర్థిక సంవత్సరంలో ప్రత్యక్ష రుణాలకు 90 కోట్ల డాలర్లు, హామీ రుణాలకు 2,400 కోట్ల డాలర్ల వరకు అనుమతి లభించింది. హామీ పద్ధతిలో ప్రభుత్వంపై పడే వ్యయం తక్కువ, చేరగలిగే కుటుంబాల సంఖ్య ఎక్కువ. ఈ ప్రయోజనాన్ని కాదనలేము. అయితే నిర్ణయాధికారం మారింది. 1949లో బ్యాంకు తిరస్కరణ రుణార్హతకు తొలిమెట్టు. హామీ పద్ధతిలో బ్యాంకు అంగీకారం లేనిదే రుణం లేదు. సాధారణ షరతులపై అప్పు దొరకనివారన్న మాట నిబంధనలలో ఇంకా ఉన్నా, కాలానుగుణంగా ఆదాయం హెచ్చుతగ్గులకు లోనయ్యే కూలీకంటే నెలజీతగాడు బ్యాంకుకు అనుకూలుడు.

9. ముగింపు:

టులేరీ కౌంటీ అనుభవం ఆధారంగా ఈ క్రింది అంశాలను నిర్ధారించవచ్చు.

• 1949 నుండి గ్రామీణ గృహ రుణ అర్హతకు ఆధారం భూమి, నివాసస్థలం, ఆదాయం, బ్యాంకు విశ్వాసం అనే క్రమంలో మారింది. ప్రతి మార్పూ కొత్తవారికి తలుపు తెరిచింది. దానితోపాటు ఒక కొత్త గడపను కూడా నిర్మించింది.

• చట్ట సవరణ ఒక్కటే కూలీకి ఇల్లు ఇవ్వలేదు. గోషెన్‌లో కుటుంబాల సమష్టి శ్రమ, దానిని రుణభాషలోకి మార్చగలిగిన సంస్థ తోడైనప్పుడే 1961 సవరణ ఆచరణలోకి వచ్చింది.

• ‘గ్రామీణం’ అన్నది భౌగోళిక వాస్తవం మాత్రమే కాదు. 2,500 నుండి 35,000 వరకు మారుతూ వచ్చిన పరిమితులు అది పాలనాపరమైన నిర్మాణమని నిరూపిస్తున్నాయి.

• వ్యక్తి అర్హతను కేంద్రం, స్థలం యోగ్యతను స్థానిక పాలన నిర్ణయించినప్పుడు ఆ రెండింటి మధ్య పొంతన లేకపోతే హక్కు కాగితానికే పరిమితమవుతుంది. 1971 కౌంటీ ప్రణాళిక దీనికి బలమైన ఉదాహరణ.

• ముగ్గురు రైతుల కమిటీ పోయి ఆదాయ పట్టిక, బ్యాంకు పరిశీలన రావడంతో వ్యక్తిగత పక్షపాతానికి అవకాశం తగ్గింది. అయితే దరఖాస్తు వరకు చేరలేని ఊళ్లను ఏ పట్టికా లెక్కించదు.

కాబట్టి గృహ పథకాలను పరిశోధించేవారు మంజూరైన దరఖాస్తులతోపాటు నీటి పథకాలు, ప్రణాళికా పటాలు, నగర హద్దుల తీర్మానాలను కూడా ఆకరాలుగా స్వీకరించాలి. రుణం తిరస్కరించబడినవారి వివరాలు కార్యాలయ దస్త్రాలలో లభిస్తాయి. ఊరికే భవిష్యత్తు లేదని ముందే రాసివుంచిన చోట దరఖాస్తు చేయనివారి చరిత్రకు ఆ ప్రణాళికా పత్రాలే ఆధారాలు.